ఇట్సులియా సైకిల్ రేస్: అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్‌లో ఇట్సులియా మొదలైందంటే, నా దగ్గర రోడ్ సైక్లింగ్ నేర్చుకునే పిల్లల ఫోన్లన్నీ రాత్రి భోజనాల వేళకి దాని మీదే ఉంటాయి. స్పెయిన్ ఉత్తరాన, ఫ్రాన్స్ సరిహద్దుని ఆనుకుని ఉన్న బాస్క్ ప్రాంతంలో ఆరు రోజులు జరిగే ప్రొఫెషనల్ రేస్ ఇది. రోజుకో స్టేజ్. ఆరు రోజుల టైమ్ కలిపితే ఎవరిది అందరికంటే తక్కువో వాళ్లే విజేత. కొత్తవాళ్లని చూడమని నేనే చెబుతాను. కానీ చూసి తప్పుగా అర్థం చేసుకుంటే, ఆ తప్పే మర్నాడు ప్రాక్టీసులో కనిపిస్తుంది. ఎక్కువగా వినే మాటలు కొన్ని తీసుకుని జవాబు రాస్తున్నాను.

అపోహ: పెద్ద పర్వతాలు లేవు కాబట్టి ఇది తేలిక రేస్.

ఎత్తు వేరు, వాలు వేరు. తిరుమల ఘాట్ రోడ్డు బస్సులు ఎక్కడానికి వీలుగా మలుపులు తిప్పి వేసింది. చాలా ఎత్తుకి తీసుకెళ్తుంది, కానీ దాదాపు 18 కిలోమీటర్ల దూరంలో నింపాదిగా తీసుకెళ్తుంది. బాస్క్ కొండలు దానికి పూర్తిగా తిరగబడ్డ లెక్క. ఎయ్‌బార్ ఊరి పైన ఉన్న అర్రాతే కొండనే తీసుకోండి. ఎక్కాల్సింది సుమారు 5 కిలోమీటర్లే, కానీ సగటు వాలు 8 శాతం పైచిలుకు, అంటే ప్రతి 100 మీటర్లకి 8 మీటర్లకి పైగా పైకి. ఇరున్ దగ్గర ఎర్లైట్జ్ ఇంకా పొట్టిది, సగటు వాలు మాత్రం 10 శాతం దాటుతుంది. ఇలాంటివి ఒకే రోజు ఐదారు వస్తాయి. ఒకటి దిగి ఊపిరి పీల్చుకునేలోపు ఇంకోటి. ఆల్ప్స్‌లో లాగా ముప్పావుగంట ఒకే లయలో తొక్కే పని కాదు ఇది. పది, పదిహేను నిమిషాలు ప్రాణం పెట్టి తొక్కాలి, కోలుకోవాలి, మళ్లీ అదే చేయాలి. దానికి తోడు ఏప్రిల్ నెల, పక్కనే సముద్రం. వాన రాదని ఏ రోజూ గ్యారంటీ ఇవ్వలేం.

అపోహ: ఎవరి కాళ్లలో బలముంటే వాళ్లే కొండ మీద గెలుస్తారు.

నన్ను అడిగితే ఇదే అన్నిటికంటే పెద్ద అపోహ. టీవీలో మనకి కనిపించేది కొండ మీద ఎవరు ముందున్నారన్నది. ఆ కొండ మొదలయ్యే ముందు ఐదు కిలోమీటర్లు ఎవరూ సరిగా చూడరు. అసలు రేస్ అక్కడే సగం అయిపోతుంది.

ఎందుకో చెబుతాను. ఈ స్థాయి రేసులో టీమ్‌కి ఏడుగురు చొప్పున నూట యాభై మందికి పైగా బయలుదేరతారు. బాస్క్ పల్లె రోడ్డు రెండు కార్లు ఇబ్బందిగా తప్పుకునేంత ఉంటుంది. ఊళ్లోంచి కుడివైపు తిరగగానే కొండ మొదలైందనుకోండి. ముందున్న ఇరవై మంది ఆ మలుపుని దాదాపు అదే వేగంతో తిరిగేస్తారు. వందో స్థానంలో ఉన్నవాడు బ్రేక్ వేస్తాడు, నూట ఇరవయ్యో వాడు కాలు దించినంత పని చేస్తాడు. మలుపు దాటాక ముందువాళ్లని అందుకోవాలంటే వాలు మీద స్ప్రింట్ కొట్టాలి. మధ్యలో ఎవరో అలిసిపోయి ఖాళీ వదిలేస్తే, ఆ ఖాళీని కూడా ఇతనే పూడ్చాలి. ముందున్నవాడు ఇంకా పని మొదలే పెట్టలేదు, వెనకవాడు అప్పటికే సగం ఖర్చయిపోయాడు. ఇద్దరి బలం ఒకటే అయినా కొండ మీద ఒకేలా కనిపించరు.

అందుకే కొండకి ముందు ప్రతి టీమ్ తన లీడర్‌ని మధ్యలో పెట్టుకుని ముందుకి తోసుకొస్తుంది. మోచేతులు తగులుతాయి, అరుపులు వినిపిస్తాయి, వేగం గంటకి 50 దాటుతుంది. నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది అడిగేది వాట్స్, అంటే పెడల్ మీద పెట్టే శక్తి, ఎలా పెంచుకోవాలని. పక్కవాడి భుజం తగిలినా బెదరకుండా, చూపు ముందువాడి చక్రం మీద కాకుండా అతని భుజాల పైనుంచి రోడ్డు మీదికి పెట్టి తొక్కడం నేను ముందు నేర్పిస్తాను. అది రాకుండా పెంచుకున్న వాట్స్ వెనక వరసలోనే ఖర్చవుతాయి.

అపోహ: దిగేటప్పుడు రెస్ట్ దొరుకుతుంది.

కాళ్లకి కొంత దొరుకుతుందేమో. మెదడుకి, చేతులకి అస్సలు దొరకదు. 2024 ఏప్రిల్ 4న నాలుగో స్టేజ్‌లో, ఓలాయెతా దిగుతున్న ఒక మలుపు దగ్గర ఏం జరిగిందో సైక్లింగ్ చూసే అందరికీ గుర్తుంటుంది. యోనాస్ వింగెగార్డ్, రెమ్కో ఎవెనెపోల్, ప్రిమోజ్ రోగ్లిచ్, జే వైన్, ఇంకా కొందరు రైడర్లు ఒకేసారి రోడ్డు దాటి పడిపోయారు. పక్కనే కాంక్రీట్ కాలువ, బండలు, చెట్లు. వింగెగార్డ్‌కి కాలర్ బోన్, పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తి దెబ్బతింది. ఎవెనెపోల్‌కి కాలర్ బోన్‌తో పాటు భుజం ఎముక కూడా విరిగింది. వైన్‌కి వెన్నుపూసలు చిట్లాయి. ఆ రోజు గుంపుని వదిలి ముందు వెళ్తున్న కొద్దిమందికి (దీన్నే బ్రేక్‌అవే అంటారు) మాత్రం స్టేజ్ కోసం పోటీపడే అవకాశం ఇచ్చి, మొత్తం టైమ్ లెక్కలోంచి ఆ స్టేజ్‌ని తీసేశారు. అదే ఏడాది జులైలో టూర్ ద ఫ్రాన్స్‌లో వింగెగార్డ్ రెండో స్థానంలో, ఎవెనెపోల్ మూడో స్థానంలో నిలిచారు. అంత త్వరగా కోలుకున్నారని మెచ్చుకోవాల్సిందే, కానీ దాన్ని చూసి పడినా ఏం కాదనుకునే కుర్రాళ్లంటే నాకు భయం.

దిగేటప్పుడు చేతులు హ్యాండిల్ కింది వంపులో ఉండాలి. ఒక్కో బ్రేక్ మీద రెండు వేళ్లు చాలు. వేగం తగ్గించే పనంతా మలుపులోకి వెళ్లకముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే అయిపోవాలి. మలుపు లోపలివైపు మోకాలు పైకి, బయటివైపు పెడల్ కిందికి, బరువంతా ఆ పెడల్ మీద. సైకిల్ వంచాక గట్టిగా బ్రేక్ పట్టారంటే, తడి రోడ్డు మీద టైర్ జారిపోతుంది.

అపోహ: ఎక్కువ స్టేజీలు గెలిచినవాళ్లదే టైటిల్.

2019లో మాక్సిమిలియన్ షాఖ్‌మన్ మూడు స్టేజీలు గెలిచాడు. టైటిల్ మాత్రం ఇయోన్ ఇసాగిర్రెది. అతను ఆ వారం ఒక్క స్టేజ్ కూడా గెలవలేదు. 2024లో హువాన్ అయూసో కూడా స్టేజ్ గెలవకుండానే టైటిల్ గెలిచాడు. రోజూ కొద్ది సెకన్లు కూడా పోగొట్టుకోకుండా ఉండటం ఒక విద్య. హైలైట్స్‌లో అది కనిపించదు.

అపోహ: ఇది ఒంటరి ఆట, టీమ్ పేరుకే.

దీనికి 2021 ఆఖరి రోజు చూపిస్తాను. మొత్తం టైమ్‌లో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీలో బ్రాండన్ మెక్‌నల్టీ ఉన్నాడు. అతని టీమ్‌లోనే తడేయ్ పొగాచార్ ఉన్నాడు. రోగ్లిచ్ కొండ మీద దాడి చేయలేదు, దిగేటప్పుడు చేశాడు. ఇంకో టీమ్ వాళ్లు కొందరు కలిసొచ్చారు, వాళ్లతో కలిసి దూరం పెంచుకున్నాడు. పసుపు జెర్సీలో ఉన్న తన టీమ్‌వాడు మెక్‌నల్టీ వెనక ఉండగా పొగాచార్ ముందుకి దూకలేకపోయాడు. తర్వాత కొండ మీద మెక్‌నల్టీ చతికిలపడ్డాడు, కానీ పొగాచార్‌కి అప్పటికే ఆలస్యమైపోయింది. అర్రాతే మీద స్టేజ్ డేవిడ్ గొడు గెలిచాడు, పక్కనే వచ్చిన రోగ్లిచ్ టైటిల్ పట్టుకెళ్లాడు. వింగెగార్డ్ రెండు, పొగాచార్ మూడు. ఒకే టీమ్‌లో ఇద్దరు గెలవగలిగేవాళ్లు ఉండటం బలమే, ఎవరి కోసం ఎవరు తొక్కాలో ముందే తేలి ఉంటేనే.

సహాయకుల పని ఇంకా ఉంది. ముందువాడి వెనక దాక్కుని తొక్కితే మూడో వంతు దాకా శక్తి మిగులుతుంది. లీడర్ గాలి మొహం చూడకుండా ఆఖరి కొండ దాకా వచ్చాడంటే, ఆ గాలిని మిగతా ఆరుగురు తిన్నారని అర్థం. వెనకనున్న కారు దగ్గరికెళ్లి ఏడెనిమిది నీళ్ల బాటిళ్లు జెర్సీలో కుక్కుకుని మళ్లీ ముందుకొచ్చే కుర్రాడిని ఈసారి గమనించండి.

అపోహ: సన్నగా ఉండాలంటే రేసులో తక్కువ తినాలి.

ఈ మాట నమ్మి కళ్లు తిరిగి పడిపోయేవాళ్లని చూస్తే బాధేస్తుంది. ప్రొఫెషనల్స్ ఇప్పుడు గంటకి 90 గ్రాములు, కొందరు 120 గ్రాముల దాకా కార్బోహైడ్రేట్ తీసుకుంటున్నారు. కడుపుకి కూడా నెలల తరబడి ట్రెయినింగ్ ఇస్తేనే అది సాధ్యం. అంతా ప్యాకెట్లలో వచ్చే తియ్యటి జెల్‌లే అనుకోకండి. టీమ్ సిబ్బంది అన్నం మెత్తగా, జిగురుగా వండి, చక్కెర కలిపి, పళ్లెంలో ఒత్తి ఆరబెట్టి, ముక్కలు కోసి ఫాయిల్‌లో చుట్టిస్తారు. ఒంటి చేత్తో విప్పుకుని తినేలా మడత పెట్టడం కూడా పనే. మన ఇళ్లలో ఇది చేసుకోవడానికి ఏ అడ్డూ లేదు, కొంచెం ఉప్పు కూడా వేయండి.

అపోహ: ఇది టూర్ ద ఫ్రాన్స్‌కి వార్మప్ మాత్రమే.

కొందరు రైడర్లకి అలా ఉండొచ్చు. బాస్క్ జనానికి కాదు. మొదటి రేస్ 1924లో జరిగింది, ఫ్రాన్సిస్ పెలిసియే గెలిచాడు. 1935లో జీనో బార్తాలి గెలిచాక అంతర్యుద్ధంతో ఆగిపోయి, మళ్లీ 1969లో మొదలైంది. ఆ ఏడు విజేత జాక్ ఆంకెటిల్. గొన్సాలెజ్ లినారెస్, అల్బెర్తో కొంటడోర్ చెరో నాలుగుసార్లు గెలిచారు. ఎయ్‌బార్ ఒకప్పుడు తుపాకుల ఊరు. అక్కడ తుపాకులు చేసిన ఓర్బియా, బీహెచ్ కంపెనీలే తర్వాత సైకిళ్ల తయారీలోకి వచ్చాయి. ఆ కొండల మీద వానలో గొడుగులేసుకుని గంటల తరబడి నిలబడేవాళ్లకి, విజేత తలమీద పెట్టే బాస్క్ టోపీ చిన్న బహుమతేం కాదు.

అపోహ: ఈ రోడ్లు మగవాళ్లకే.

మా గ్రూపులో ఆడపిల్లలున్నారు కాబట్టి ఇది రాయకుండా ఉండలేను. ఇట్సులియా మహిళల రేస్ 2022లో మూడు స్టేజీలతో మొదలైంది. ఆ మొదటి ఏడాది డెమి ఫొలెరింగ్ మూడుకి మూడు స్టేజీలూ గెలిచి టైటిల్ పట్టుకెళ్లింది. ఈ రేస్ మే నెలలో ఉంటుంది. కొండకి ముందు ఐదు కిలోమీటర్లలో చోటు కోసం జరిగే పోరు ఎలా ఉంటుందో నేర్చుకోవాలంటే, మగవాళ్ల రేసుతో పాటు దీన్ని కూడా మొదటినుంచి చూడమని మా పిల్లలకి చెబుతాను.