“అదే కంపెనీ, అదే రంగు, సరిపోతుందిలే”: పాత గార్డెన్ ట్రాక్టర్లపై అపోహలు - వాస్తవాలు

పాత గార్డెన్ ట్రాక్టర్లు (ఇంటి తోటల్లో గడ్డి కోయడం లాంటి పనులకి వాడే చిన్న ట్రాక్టర్లు) విప్పడం, బాగుచేయడం, మళ్ళీ బిగించడం నా పని. ఎక్కువగా 1960, 70లలో అమెరికాలో తయారైనవి: ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ల కబ్ కేడెట్, జాన్ డీర్ 110, వీల్ హార్స్, సింప్లిసిటీ. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో రెండు చచ్చిన బళ్లు ఉంటాయి. రెండూ కలిపి ఒకటి నడిపించాలని ఆశ. మంచి ఆశే. అయితే అందరూ దాదాపు ఒకే రకం నమ్మకాలతో వస్తారు, వాటివల్లే మంచి పార్టులు పాడవుతుంటాయి. ఏ పార్టూ ఒంటరిగా ఉండదు. దాని పక్కన ఉన్నవాటితో కలిసే అది పనిచేస్తుంది. కింద రాసిన చాలా పొరపాట్లు ఇది మర్చిపోవడం వల్ల వచ్చేవే.

అపోహ: ఒకే కంపెనీ బండి అయితే పార్టులు మార్చుకోవచ్చు.

వాస్తవం: కబ్ కేడెట్‌నే తీసుకోండి. మొదటిది 1960ల మొదట్లో వచ్చింది. 1971 దాకా వచ్చినవాటిని ఇరుకు ఫ్రేమ్ బళ్లు అంటాం, ఆ ఏడాది నుంచి వెడల్పు ఫ్రేమ్ మొదలైంది. 1974లో క్వైట్ లైన్ వచ్చింది, అందులో ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. మూడూ పసుపు, తెలుపు రంగుల్లోనే ఉంటాయి. దూరం నుంచి చూస్తే అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. కానీ ఇరుకు ఫ్రేమ్ బండి బానెట్ వెడల్పు ఫ్రేమ్ మీద కూర్చోదు, వెడల్పు ఫ్రేమ్ ఇంజిన్ కింద ఉండే ఆయిల్ పాన్ ఇరుకు ఫ్రేమ్‌లోకి దిగదు. అదే సమయంలో వెనక ఉండే పోతఇనుము గేర్ బాక్స్ మూల డిజైన్ మాత్రం ఏళ్ల తరబడి పెద్దగా మారలేదు. అందుకే కబ్ కేడెట్‌లో గేర్ బాక్స్ దొరకడం సులువు, రేకు దొరకడం కష్టం.

జాన్ డీర్ 110 కూడా అంతే. తొలి ఏళ్లలో వచ్చినవాటికి వెనక ఫెండర్లు గుండ్రంగా ఉంటాయి, ఆ తర్వాత పలకగా మారాయి. మోడల్ నంబరు మాత్రం అదే 110. ఎవరైనా “నా దగ్గర 110 ఫెండర్ ఉంది” అంటే నేను మొదట అడిగేది ఏ ఏడాదిదో, తర్వాత సీరియల్ నంబరు.

అపోహ: వేరే రంగు బండి పార్టు మనకి పనికిరాదు.

వాస్తవం: ఇది పై అపోహకి పూర్తిగా ఎదురుది. దీనివల్ల ఎంతమంది కాళ్ల దగ్గరున్న పార్టుని వదిలేసి దేశమంతా వెతుకుతారో! 1960ల మొదట్లో అలిస్-చామర్స్ పేరుతో అమ్మిన చిన్న ట్రాక్టర్లు నిజానికి సింప్లిసిటీ తయారుచేసినవి. 1965లో సింప్లిసిటీని అలిస్-చామర్స్ కొనేసింది. అందుకే ఆ రెండిటి మధ్య చాలా పార్టులు అటూ ఇటూ వెళ్తాయి. కోలర్ అనే ఇంజిన్ల కంపెనీ వాళ్ల కె-సిరీస్ ఇంజిన్ అయితే కబ్ కేడెట్‌లోనూ, జాన్ డీర్‌లోనూ, వీల్ హార్స్‌లోనూ కనిపిస్తుంది. దాని పిస్టన్, రింగులు, వాల్వులు, పాయింట్లు, కార్బురేటర్ కిట్ కొనేటప్పుడు చూడాల్సింది ఇంజిన్ మోడల్, బానెట్ రంగు కాదు.

వెనక చక్రాలు కూడా చూడండి. చాలా కంపెనీలు నాలుగున్నర అంగుళాల వృత్తం మీద ఐదు బోల్టుల అమరికే వాడాయి. రిమ్ము ఎక్కుతుంది. కానీ రిమ్ము లోపలికి ఎంత వెళ్తుందో, బోల్టు మర ఏదో, బోల్టు తల కూర్చునే చోటు కోనుగా ఉందో చదునుగా ఉందో చూసుకోకుండా బిగిస్తే టైరు ఫెండర్‌కి రాసుకుంటుంది, లేదంటే కొన్నాళ్లకి బోల్టులు వదులవుతాయి. పాత టైర్లలో బరువు కోసం కాల్షియం క్లోరైడ్ నీళ్లు నింపి ఉండవచ్చు. అది కారితే రిమ్ముని తినేస్తుంది, కాబట్టి వాల్వు చుట్టూ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి.

అపోహ: హార్స్‌పవర్ ఒకటే అయితే ఇంజిన్ మార్చేయొచ్చు.

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే మాట ఇదే. కె-సిరీస్‌లో పేరులోనే లెక్క ఉంది. కె181 అంటే సుమారు 18 ఘనపు అంగుళాలు, చివరి 1 అంటే ఒకే సిలిండర్. కె181ది 8 హార్స్‌పవర్, కె241ది 10, కె301 12, కె321 14, కె341 16. కె241 నుంచి కె341 దాకా బయటికి ఒకేలా కనిపిస్తాయి. లోపల కె241 స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 2.875 అంగుళాలు, మిగతా మూడిటిదీ 3.25. అందుకే కె241 క్రాంక్‌ని తీసి కె301లో వేస్తే అది కె301 కాదు.

లోపలి సంగతి తేలాక బయటిది చూడాలి. ఇంజిన్ మీద రేకు ప్లేటు ఉంటుంది: మోడల్, స్పెక్ నంబరు, సీరియల్ నంబరు. అందరూ మోడల్ చూసి ఆగిపోతారు. నేను స్పెక్ నంబరు ముందు చూస్తాను. ఏ కంపెనీ ఏ బండి కోసం ఆ ఇంజిన్‌ని కట్టించుకుందో చెప్పేది అదే. షాఫ్ట్ పొడవు, ఆయిల్ పాన్ ఆకారం, ఫ్లైవీల్ రకం అన్నీ దాన్నిబట్టే మారతాయి. వీల్ హార్స్‌లో ఇంజిన్ అడ్డంగా కూర్చుని పక్కనున్న బెల్టుతో నడుపుతుంది. 1963 తర్వాతి కబ్ కేడెట్‌లో బండి పొడవునా కూర్చుని నేరుగా షాఫ్ట్‌తో నడుపుతుంది. రెండూ కె301 అయినా పాన్, షాఫ్ట్ చివర, ముందు పుల్లీ వేరు. స్టార్టర్-జనరేటర్ (ఇంజిన్‌ని స్టార్ట్ చేసి, తర్వాత బ్యాటరీని చార్జ్ చేసే ఒకే మోటారు) ఉన్న బండి ఫ్లైవీల్‌కి పళ్ల రింగు ఉండదు, గేర్ స్టార్టర్ ఉన్నదానికి ఉంటుంది. ఇంజిన్ మాత్రం తెచ్చి ఫ్లైవీల్ మర్చిపోతే స్టార్ట్ చేయడానికి దారే ఉండదు.

కాబట్టి ఇంజిన్ మార్చాలంటే పాత బండి నుంచి దాని పాన్, ఫ్లైవీల్, పుల్లీ, క్లచ్ డ్రైవర్, గాలి రేకులు, త్రాటిల్ కేబుల్ క్లిప్పు దాకా అన్నీ ఒకే పెట్టెలో వేసుకుని రండి. ఏది వాడతామో తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో మాట. ఈ పెద్ద సింగిల్ సిలిండర్ ఇంజిన్లలో కొన్నిటికి లోపల వణుకు తగ్గించే బ్యాలెన్స్ గేర్లు ఉంటాయి. అవి తిరిగే సూది బేరింగులు అరిగితే గేర్ విరిగి బ్లాకునే పగలగొట్టవచ్చు. పాన్ విప్పినప్పుడు వాటిని చేత్తో కదిపి చూడండి. రీబిల్డ్ చేసేటప్పుడు చాలామంది వాటిని తీసేస్తారు. నేనూ తీసేస్తాను. కాస్త వణుకు పెరుగుతుంది, బ్లాకు మాత్రం మిగులుతుంది.

అపోహ: ఇంజిన్ నడుస్తోంది కదా, లోపల విప్పక్కర్లేదు.

వాస్తవం: సింగిల్ సిలిండర్ కె-సిరీస్‌లో ఆయిల్ పంపు లేదు. కనెక్టింగ్ రాడ్ అడుగున చిన్న తెడ్డు లాంటిది ఉంటుంది, అది ఆయిల్‌ని చిమ్ముతూ తిరుగుతుంది. ఆయిల్ తగ్గితే తెడ్డు గాలిలో తిరుగుతుంది. పైగా అల్యూమినియం రాడ్ నేరుగా క్రాంక్ మీద తిరుగుతుంది, మధ్యలో విడిగా మార్చుకునే బేరింగ్ ముక్కలు లేవు. అరిగిందంటే రాడ్ మార్చాలి, క్రాంక్ కొలవాలి. కె241కి, ఆ పైవాటికి క్రాంక్ పిన్ కొత్తది 1.500 అంగుళాలు. మైక్రోమీటర్‌తో ఒకచోట కాదు, రెండు మూడు దిక్కుల్లో కొలవండి, ఎందుకంటే అది గుండ్రం తప్పి కోడిగుడ్డులా అరుగుతుంది. అలా అరిగి ఉంటే 0.010 అంగుళాలు గ్రైండ్ చేయించి, ఆ సైజు తక్కువ రాడ్ వేస్తే సరిపోతుంది. కొత్త రాడ్‌ని పాడైన క్రాంక్ మీద వేయడం అంటే ఆ రాడ్‌ని పోగొట్టుకోవడమే. రాడ్, క్యాప్ మీద ఉన్న గుర్తులు ఒకదానికొకటి ఎదురుగా రావాలి, ఇది మర్చిపోతే మిగతా శ్రమంతా వృథా.

అపోహ: 8 ఎంఎం బోల్టు, 5/16 బోల్టు ఒకటే.

వాస్తవం: ఈ తప్పు నేనే చేశాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. గేర్ బాక్స్ మూత బిగిస్తున్నాను. ఒక బోల్టు పోయింది, డబ్బాలో చూస్తే అదే సైజుది కనిపించింది. వేళ్లతో తిప్పితే రెండు చుట్లు హాయిగా వెళ్లింది. మూడో చుట్టుకి బిగుసుకుంది. తుప్పు వల్ల అనుకుని స్పానర్ వేశాను. కిర్రుమంది, ఆ తర్వాత వదులుగా తిరగసాగింది. బయటికి తీస్తే దాని మరల మధ్య బూడిద రంగు పోతఇనుము ముక్కలు సన్నగా చుట్టుకుని ఉన్నాయి. ఆ రంధ్రం మర మొత్తం పోయింది. చివరికి దాన్ని పెద్దగా తొలిచి స్ప్రింగు లాంటి ఇన్సర్ట్ వేయాల్సి వచ్చింది.

కారణం చాలా చిన్నది. 5/16 బోల్టు మందం 7.94 ఎంఎం. 8 ఎంఎం అంటే తేడా వెంట్రుకంత. కానీ 5/16 మర అంగుళానికి 18 చుట్లు, అంటే చుట్టుకి 1.41 ఎంఎం. 8 ఎంఎం బోల్టుది 1.25. మొదటి రెండు చుట్లలో ఆ తేడా తెలియదు, తర్వాత లోపలి మరని చీల్చేస్తుంది. థ్రెడ్ గేజ్ ఒకటి కొనుక్కోండి. ఈ అమెరికన్ బళ్లన్నీ అంగుళాల మరలే. మీ డబ్బాలో మెట్రిక్ బోల్టుల్ని వేరే పెట్టండి.

అపోహ: స్పార్క్ రావట్లేదంటే కాయిల్ పోయింది.

వాస్తవం: కాయిల్ చివరికి అనుమానించాల్సింది. ఏళ్లుగా ఆగి ఉన్న బండిలో పాయింట్ల (స్పార్క్ కోసం కరెంటుని కలిపి తెంచే చిన్న స్విచ్) మీద కంటికి కనిపించని పొర పడుతుంది. కె-సిరీస్‌లో పాయింట్లు బ్లాకు పక్కన బయటే ఉంటాయి, ఒక మూత తీస్తే చాలు. శుభ్రమైన తెల్ల అట్టముక్క పాయింట్ల మధ్య పెట్టి లాగండి. నల్లగా గీత పడితే మళ్లీ లాగండి, తెల్లగా వచ్చేదాకా. తర్వాత ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకు) 0.020 అంగుళాలు పెట్టండి, అంటే దాదాపు అర ఎంఎం. ఫ్లైవీల్ మీద ఉన్న ఎస్ గుర్తు దగ్గర పాయింట్లు విడివడాలి. అది పిస్టన్ పైకి చేరడానికి 20 డిగ్రీల ముందు. ఫ్లైవీల్ కీ (ఫ్లైవీల్‌ని షాఫ్ట్ మీద సరైన చోట నిలిపే చిన్న ముక్క) సగం తెగితే ఈ గుర్తే తప్పు చెబుతుంది, కాబట్టి టైమింగ్ ఎంత సరిచేసినా ఇంజిన్ వెనక్కి తంతుంటే కీ చూడండి.

స్టార్టర్-జనరేటర్‌ని బాగుచేయించినా, రెగ్యులేటర్ మార్చినా పోలరైజ్ చేయాలి, అంటే జనరేటర్‌కి ప్లస్, మైనస్ దిశ మళ్లీ పట్టించాలి. ఇంజిన్ ఆపి, మాన్యువల్‌లో చెప్పినట్టు రెగ్యులేటర్ మీద బ్యాటరీ, జనరేటర్ టెర్మినళ్లని వైరుతో ఒక్క క్షణం తాకిస్తే చాలు. ఇది చేయక “కొత్త రెగ్యులేటర్ కూడా పనిచేయట్లేదు” అని వాపసు పంపేవాళ్లు ఎందరో.

అపోహ: బెల్టు మీద 60 అని ఉంటే 60 అంగుళాల బెల్టు.

వాస్తవం: 4ఎల్600 అంటే బయటి చుట్టుకొలత 60 అంగుళాలు. ఎ60 అంటే లోపలి కొలత 60, బయటికి సుమారు 62 అవుతుంది. వెడల్పు రెండూ అర అంగుళమే, అందుకే చేతికి ఒకటే అనిపిస్తాయి. 4ఎల్600కి దగ్గరది ఎ58. ఇంకా, బెల్టునే క్లచ్‌లా వాడే బళ్లలో మామూలు బెల్టు త్వరగా కాలిపోతుంది, కెవ్లర్ దారం ఉన్నది వేయండి.

అపోహ: హైడ్రోస్టాటిక్ (గేర్లకి బదులు ఆయిల్ ఒత్తిడితో నడిచే) బండిలో ఏ హైడ్రాలిక్ ఆయిల్ అయినా ఒకటే.

వాస్తవం: కాదు. కబ్ కేడెట్ హై-ట్రాన్ అనే ఆయిల్ అడుగుతుంది. వేరే బళ్లలో కొన్ని ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్), కొన్ని మామూలు ఇంజిన్ ఆయిల్ అడుగుతాయి. మాన్యువల్ చూడండి. డ్రెయిన్ చేసిన ఆయిల్ పాలలా కనిపిస్తే నీళ్లు చేరినట్టు, ఫిల్టర్ కూడా మార్చాలి.

అపోహ: తుప్పు పోవాలంటే అన్నిటినీ శాండ్ బ్లాస్ట్ చేయాలి.

వాస్తవం: రేకుకి, రిమ్ముకి సరే. బేరింగ్ కూర్చునే చోటుకి, సీల్ తిరిగే షాఫ్ట్‌కి ఇసుక తగలకూడదు. లోపల మిగిలిన ఒక్క రేణువు చాలు. ఇనుప పార్టులకి నాకు ఇష్టమైన పద్ధతి ఎలక్ట్రోలిసిస్. ప్లాస్టిక్ టబ్బు, నీళ్లు, వాషింగ్ సోడా, పాతరకం 12 వోల్టుల బ్యాటరీ చార్జర్. పార్టుకి నెగటివ్, పక్కన వేలాడదీసిన మామూలు ఇనుప ముక్కకి పాజిటివ్. రాత్రి పెడితే పొద్దున్నకి తుప్పు నల్లటి మెత్తటి పొరగా మారి బ్రష్‌తో ఊడిపోతుంది, లోపలున్న మంచి లోహం అలాగే ఉంటుంది. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకండి, విషపూరితమైన క్రోమియం నీళ్లలో చేరుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయండి, చార్జర్ ఆపాకే క్లిప్పులు తీయండి. అల్యూమినియం ఏదీ వేయకండి, సోడా తినేస్తుంది. కె-సిరీస్ బ్లాకు పోతఇనుము, హెడ్ అల్యూమినియం, ఇది గుర్తుంచుకోండి.

ఆ హెడ్‌ని ఎలాగూ తీశారు కాబట్టి మందపాటి అద్దం మీద పెట్టి అంచుల కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. 0.003 అంగుళాల గేజ్ దూరితే వంగినట్టు. కొద్దిపాటి వంపు అయితే అద్దం మీద ఎమరీ పేపర్ పరిచి, హెడ్‌ని ఎనిమిది ఆకారంలో రుద్దితే చదునవుతుంది.

అపోహ: కొత్త పెయింట్ వేస్తే రీస్టోర్ అయినట్టే.

వాస్తవం: నేను పెయింట్ చివర్న వేస్తాను. సీళ్లు కారకుండా, క్లచ్ పిన్నులు వదులు లేకుండా, స్టీరింగ్ ఆట లేకుండా బండి కొన్ని గంటలు పని చేశాకే. విప్పే ముందు ప్రతి పార్టునీ ఫోటో తీసి, ఒక్కో సంచిలో వేసి, ఏ బండిదో, ఎటు వైపుదో చీటీ రాస్తాను. దాత బండి (పార్టుల కోసం విప్పిన బండి) నుంచి తీసినవాటికి దాని సీరియల్ నంబరు కూడా రాస్తాను. ఇంజిన్ మీదున్న ఆ రేకు ప్లేటు మీద మాత్రం పెయింట్ పడనివ్వను, మాస్కింగ్ టేప్ వేస్తాను. నా తర్వాత ఆ బండిని విప్పేవాళ్లకి స్పెక్ నంబరు కనబడాలి.