ఒకే ఓడ మీద నాలుగు శాస్త్రాలు: అపోహలు - వాస్తవాలు

సముద్రపు నీటి రసాయనం నా పని. పరిశోధక ఓడల మీద జీవశాస్త్రవేత్తలతో, భూగర్భ శాస్త్రం వాళ్లతో వారాల తరబడి ఉంటాను. దిగి వచ్చాక జనం అడిగేవాటిలో కొన్ని అపోహలు మాత్రం మారవు.

అపోహ: ఒకసారి నీళ్లు తోడితే అందరూ పంచుకోవచ్చు.

వాస్తవం: అసలు గొడవంతా అక్కడే. చుట్టూ సముద్రం పెట్టుకుని నీళ్ల కోసం తగువా అని నవ్వకండి. రోజెట్ అనే గుండ్రటి చట్రానికి 12 లేదా 24 సీసాలుంటాయి, ఒక్కోటి ఒక్కో లోతులో మూసుకుంటుంది. 4,000 మీటర్ల లోతుకు వెళ్లి రావాలంటే దాదాపు మూడు గంటలు. అది పైకి రాగానే క్యూ కడతాం. వాయువులు కొలిచేవాళ్లే ముందు, ఎందుకంటే సీసా తెరిచిన క్షణం నుంచి లోపలికి గాలి చేరుతుంది. ఆక్సిజన్ నాది. రబ్బరు గొట్టాన్ని గాజు సీసా అడుగుదాకా దించి, ఒక్క బుడగ లేకుండా నింపి, ఆపైన దానికి మూడింతల నీళ్లు పొర్లిపోనివ్వాలి. మాంగనీస్ లవణం, క్షారం కలిపిన అయొడైడ్ వేసి, మూత బిగించి ఊపితే గోధుమరంగు మడ్డి దిగుతుంది. నా వెనక నిలబడ్డ జీవశాస్త్రవేత్త కళ్లు మాత్రం పొర్లిపోయే నీటి మీదే! డీఎన్ఏ కోసం వడకట్టడానికి ఆవిడకు లీటర్ల కొద్దీ కావాలి మరి. ఉప్పదనం కొలిచేవాళ్లు అందరికన్నా చివర; ఉప్పు ఎక్కడికీ ఎగిరిపోదు. అందుకే ఎవరికెన్ని మిల్లీలీటర్లో ఓడ కదలకముందే తేల్చి రాసుకుంటాం. ఆ కాగితం లేని యాత్రకు నేను వెళ్లను.

అపోహ: రాళ్ల కోసం వెళ్లే యాత్రకు రాళ్లవాళ్లు చాలు.

వాస్తవం: 1977లో పసిఫిక్ మహాసముద్రంలోని గాలపగోస్ దీవుల దగ్గర సముద్రగర్భంలోని వేడినీటి ఊటలు వెతకడానికి ఆల్విన్ జలాంతర్వాహినితో వెళ్లిన బృందంలో జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేరు. దాదాపు 2,500 మీటర్ల కింద, ఎండ పొడ సోకని చోట, ఊటల చుట్టూ పెద్దపెద్ద ఆల్చిప్పలు, గొట్టపు పురుగులు గుంపులుగా కనిపించాయి. వాటిని నిలవ ఉంచే ఫార్మలిన్ చాలక కొన్నిటిని వోడ్కాలో పెట్టారు. 1979లో జీవశాస్త్రవేత్తలను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లారు.

అపోహ: పక్క శాస్త్రం వాళ్లు సాయానికే.

వాస్తవం: కాస్త గొప్పలు చెప్పుకోనివ్వండి, ఇది మా రసాయనం వాళ్ల కథ. సముద్రపు అడుగు నుంచి తెచ్చిన బురదలో జిగురులాంటి పదార్థాన్ని చూసి, అది ఆదిమ జీవపదార్థమని 1868లో జీవశాస్త్రవేత్త థామస్ హక్స్లీ ప్రకటించాడు. బాథీబియస్ అని పేరూ పెట్టాడు. ఛాలెంజర్ అనే పరిశోధక ఓడ మీది రసాయన శాస్త్రవేత్త బుకానన్ 1875లో దాని గుట్టు విప్పాడు: బురద నిలవ ఉండాలని పోసిన ఆల్కహాలు సముద్రపు నీటితో కలిసినప్పుడు దిగే కాల్షియం సల్ఫేటు అది. హక్స్లీ తన పొరపాటు ఒప్పుకున్నాడు.

అపోహ: అందరూ శాస్త్రవేత్తలే, భాష ఒకటే.

వాస్తవం: ఒకసారి బురద పరీక్షించే బృందం నాకిచ్చిన గొట్టాల మీద 'లోతు 12', 'లోతు 25' అని ఉంది. మీటర్లనుకుని నోటుబుక్కులో ఎక్కించేశాను. పైనీటిలో సిలికేటు (నీటిలో కరిగి ఉండే ఒక లవణం) అంతుండటమేమిటని యంత్రాన్ని అనుమానించి సగం రాత్రి దానితో కుస్తీ పట్టాను. తీరా అవి బురదలో పిండిన నీళ్లు, అంకెలు సముద్రపు అడుగు నుంచి కిందికి సెంటీమీటర్లు. ఇప్పుడు నా నోటుబుక్కులో లోతుకు రెండు గడులు: 'నీటిమట్టం నుంచి', 'అడుగు నుంచి'.