సంచి మూతి దగ్గరి కాయలు

బ్రాడీపేట, గుంటూరు

అమ్ములూ, చిన్నోడా,

అమ్ముల్ని ఇంటర్‌కి ఏ కాలేజీలో వెయ్యాలో తేలక ఇంట్లో మూడు రోజులుగా ఒకటే టెన్షన్ అని మొన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లెక్సీ చూసి మీ నాన్నగారు ఒక కాలేజీ అంటున్నారట. పక్కింటి అబ్బాయికి ర్యాంకు వచ్చిందని మీ అమ్మ ఇంకోటి అంటోందట. నన్నెవరూ అడగలేదనుకోండి. అయినా ముప్పై రెండేళ్లు మిర్చి యార్డులో గుమాస్తాగా చేసినవాణ్ణి, సరుకు చూసి ధర కట్టడం తప్ప వేరే విద్య రాదు. ఆ విద్యలోంచే రాస్తున్నాను.

యార్డుకి ఒక రైతు అరవై టిక్కీలు తెచ్చాడనుకోండి. టిక్కీ అంటే మిర్చి బస్తానే, సుమారు నలభై కిలోలు. అరవై టిక్కీలూ గుమ్మరించి చూడటం ఎవరివల్లా కాదు. అందుకే మచ్చు తీస్తారు. గుప్పెడు కాయలు తీసి రంగు చూస్తారు, విరిచి చూస్తారు, చెవి దగ్గర ఆడిస్తారు. ఎండిన కాయలో గింజలు గలగలమంటాయి, తేమ ఉన్న కాయ విరగకుండా వంగుతుంది. ఇవన్నీ వారం రోజుల్లో వచ్చేస్తాయి. రానిది ఒకటే, ఆ గుప్పెడు ఎక్కడి నుంచి తియ్యాలన్నది.

చేరిన మొదటి ఏడాది నేను మూతి దగ్గరే తీసేవాణ్ణి. ఎర్రగా నిగనిగలాడుతుంటే సంబరంగా మంచి ధర రాసేవాణ్ణి. ఒకరోజు మా షావుకారు ఏమీ అనకుండా, నేను ఖాయం చేసిన టిక్కీ ఒకటి నా కాళ్ల ముందు బోర్లించాడు. అడుగున సగం తాలు కాయలు, తెల్లగా, పాలిపోయి. పది మంది హమాలీలు చూస్తుండగా నా మొహం ఎలా ఉందో మీరే ఊహించుకోండి. రైతు మోసగాడనుకోకండి. పెళ్లిచూపులకు పట్టుచీర కట్టినట్టు మూతి దగ్గర ఎవరైనా మంచి కాయే పెడతారు. ఆ రోజు నుంచి రైతు చూపించిన టిక్కీ వదిలేసి నాకు తోచిన టిక్కీ లాగేవాణ్ణి, గోడ వైపుదో, అట్టడుగుదో. కుట్టు విప్పించి మోచేతి దాకా చెయ్యి పెట్టేవాణ్ణి. మంట సంగతి అడక్కండి.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలదా తాతయ్యా అని అమ్ములు అడుగుతుంది. చాలు. ఒకే గిన్నె, ఒకే నీళ్లు, ఒకే మంట, కాబట్టి మెతుకులన్నీ ఒకేలా ఉడుకుతాయి. అదే పులిహోర కలపకముందు ఒక మూల తీసి నోట్లో వేసుకో, ఉప్పు చాల్లేదంటావు. ఇంకో మూల తింటే ఉప్పు కషాయం. అమ్మమ్మ పులుసు రుచి చూసేముందు గరిటెతో అడుగు దాకా ఎందుకు తిప్పుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? కలిసిన సరుకైతే చిటికెడు చాలు, కలవని సరుకైతే బుట్టెడు తీసినా ఒకే మూల నుంచి తీస్తే దండగే.

ఇప్పుడు ఆ ఫ్లెక్సీ దగ్గరికి వెళ్దాం. దాని మీద ఉన్న మొహాలన్నీ మూతి దగ్గరి కాయలు. ఎంతమంది చేరితే అందులో ఎంతమందికి ర్యాంకులొచ్చాయో ఫ్లెక్సీ చెప్పదు. చేరేటప్పటికే ఆ పిల్లలు ఎంత చురుకో చెప్పదు. పక్కింటి అబ్బాయంటారా, వాడు ఒక టిక్కీలో ఒక కాయ. మంచి కాయే, కాదనను. కాలేజీకి వెళ్తే ‘మీ టాపర్ ఎవరు’ అని అడక్కండి. కిందటేడు మా పిల్లలాంటి మార్కులతో చేరినవాళ్లందరికీ ఏమొచ్చింది, మధ్యలో ఎంతమంది మానేశారు అని అడగండి. జవాబు చెప్పకుండా కాఫీ తెప్పిస్తే, అదీ ఒక జవాబే.

సంక్రాంతికి నా పరువు తీశారు గుర్తుందా? తేజ రకం మిర్చి కారమో సన్నం రకం మిర్చి కారమో కళ్లు మూసుకుని చెప్పేస్తానని నేను గొప్పలు పోతే, అమ్ములు ఎనిమిది సాసర్లు పెట్టింది, నాలుగు తేజ, నాలుగు సన్నం. ఆరు సరిగ్గా చెప్పాను, అంటే నాలుగు తేజల్లో మూడు పట్టుకున్నాను, ఒకటి సన్నంతో తారుమారైంది. భోజనాల దాకా మీసం తిప్పుతూ తిరిగాను. అమ్ములు మాత్రం కాగితం తీసుకుని లెక్క వేసింది. ఎనిమిదిలోంచి నాలుగు ఏరడానికి 70 రకాలు. నాలుగూ కరెక్టయ్యేది అందులో ఒక్కటే. మూడు కరెక్టయ్యేవి 16. అంటే నా అంత మార్కులో, అంతకు మించో తెచ్చుకునే దారులు 70లో 17. మిర్చి మొహం చూడనివాడు కూడా నాలుగుసార్లు ఆడితే ఒకసారి నా అంతవాడవుతాడన్నమాట! పైగా నేను సరైన సాసరు మీద వేలు పెట్టినప్పుడల్లా చిన్నోడు కిసుక్కుమన్నాడు. నాకు చెప్పింది నాలికో, వాడి నవ్వో నాకే తెలియదు.

ఇంగ్లండులో ఒకావిడ టీలో పాలు ముందు పోశారో తర్వాత పోశారో తాగి చెప్పేస్తానంటే, ఎనిమిది కప్పులతో ఇలాంటి పరీక్షనే ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త 1935లో తన పుస్తకంలో వివరించాడు. మన తెలుగువాడు సి.ఆర్. రావుగారు కేంబ్రిడ్జిలో ఆ ఫిషర్ దగ్గరే పరిశోధన చేశారు. చిన్నప్పుడు మీ పక్కనున్న నందిగామలో కూడా చదువుకున్నారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకి స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి ఇచ్చారు.

నాకు ఇంకో సాకు కూడా ఉందిలెండి. రెండో సాసరుకే నాలిక మండిపోయింది. 1912లో అమెరికాలో స్కోవిల్ అనే ఫార్మసిస్టు మిరప ఘాటు కొలవడానికి దాని సారాన్ని చక్కెర నీళ్లలో పలచన చేస్తూ, మంట తెలియకుండా పోయేదాకా మనుషులకి రుచి చూపించేవాడు. వాళ్లదీ నా బాధే. అందుకే ఇప్పుడు ల్యాబుల్లో మిషన్ మీద కొలుస్తున్నారు.

సరే, పరీక్ష చేశాం, ఫలితం వచ్చింది. అంతటితో నిర్ణయం అయిపోదు. ఒకే మచ్చు ఇద్దరు చూస్తారు, కాస్త తేమ ఉంది. ఎగుమతి చేసేవాడు వద్దంటాడు. బూజు పట్టి, అఫ్లటాక్సిన్ అనే బూజు విషం తేలితే కంటైనరంతా వెనక్కొస్తుంది మరి. పక్కనున్న కారం మిల్లువాడు ధర తగ్గించి కొని, రెండు రోజులు ఎండబెట్టుకుంటాడు. ఇద్దరూ తెలివైనవాళ్లే, పొరపాటైతే ఎవరికెంత పోతుందన్నదే తేడా. కాలేజీ నచ్చకపోతే ఏడాది తర్వాత మారొచ్చా, కట్టిన ఫీజులో ఎంత వెనక్కిస్తారు, హాస్టలా, ఇంటి నుంచి వెళ్లి రావచ్చా, ఇవి ర్యాంకుల కంటే ముందు రాసుకోండి.

ఇంత తెలిసినవాణ్ణి నేనేం చేశానో కూడా చెప్పాలి. 2016లో ధర బాగుంది. మీ చిన్న తాతయ్య సరుకు అమ్మేస్తానంటే, కోల్డ్ స్టోరేజీలో పెట్టు, ఇంకా పెరుగుతుందన్నాను. ఆగి లాభపడ్డవాళ్ల కబుర్లే టీ కొట్టు దగ్గర నా చెవిన పడేవి. ఆగి మునిగినవాడు టీ కొట్టుకి వచ్చి చెప్పుకోడుగా. ధర చూసి అందరూ మిర్చే వేశారు, 2017లో కొత్త సరుకు ముంచెత్తి ధర కూలిపోయింది. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఏడాది ఉగాది పచ్చడి మాత్రం నాకు గొంతు దిగలేదు.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాం. అమ్మమ్మ కారం పొట్లాలు కట్టింది, ఏది ఏదో ఆవిడకొక్కదానికే తెలుసు. ఆవిణ్ణీ చిన్నోణ్ణీ గది బయటే కూర్చోబెట్టండి. పెరుగు మాత్రం ఎక్కువే తోడేసి ఉంచమని మీ అమ్మతో చెప్పండి.

మీ
తాతయ్య