సెల్లార్ తవ్వే ముందు: బెజవాడలో నేను తరచూ వినే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

లబ్బీపేటలోనో, మొగల్రాజపురంలోనో, పటమటలోనో స్థలం కొన్నవాళ్లు నా దగ్గరికి వచ్చి ముందు చూపించేది ఫోన్లో ఎలివేషన్ బొమ్మ, అంటే ఇల్లు బయటికి ఎలా కనిపిస్తుందో ఆ చిత్రం. ఆ వెంటనే వచ్చే మాట సెల్లార్. గజానికి అంత ధర పెట్టాక, కిందికి ఇంకో అంతస్తు దొరికితే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. రెండు కార్లు, జనరేటర్, వీలైతే ఒక హోమ్ థియేటర్. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో స్ట్రక్చరల్ ఇంజనీరుగా పునాదులతోనే నా పని. సెల్లార్ వద్దని ఎవరికీ చెప్పను. దాని వెంట వచ్చే కొన్ని నమ్మకాల వల్ల మాత్రం సొంతింటితో పాటు పక్కిల్లు కూడా దెబ్బతినడం చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "పక్క సైటులో బోరు వేసినప్పుడు చూశామండీ, నీళ్లు బాగా లోతున ఉన్నాయి."

వాస్తవం: బోరు ఎంత లోతు వేశారన్నదానితో సెల్లార్‌కు పని లేదు. భూమిలో నీటిమట్టం ఏ నెలలో ఎంత పైకి వస్తుందో తెలియాలి. మనకు ఒక పక్క కృష్ణ, ఊరి మధ్యలో ఏలూరు, రైవస్, బందరు కాలువలు. కాలువలు కట్టేసిన ఎండాకాలంలో గుంత తీసి చూస్తే పొడిగా ఉంటుంది. కాలువలకు నీళ్లు వదిలి, నాలుగు వానలు పడ్డాక అదే గుంతలో నీళ్లు నిలుస్తాయి. అందుకే మట్టి పరీక్షకు బోరు వేసినప్పుడే అందులో చిల్లుల పీవీసీ పైపు దించి మూత పెట్టి ఉంచుతాను. వారానికోసారి టేపుకు బరువు కట్టి దించి, తడి ఎక్కడ తగిలిందో రాసుకుంటాం. ఒక వానాకాలం మొత్తం అలా రాసిన కాగితం ఉంటే సెల్లార్ లోతు దాదాపు అదే చెబుతుంది.

వరద సంగతి వేరు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లను ముంచేశాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆ వారం తర్వాత సెల్లార్ ర్యాంపును రోడ్డు నుంచి నేరుగా కిందికి దించే డ్రాయింగు మీద నేను సంతకం చేయలేదు. ర్యాంపు ముందు రోడ్డు కంటే పైకి ఎక్కాలి, ఆ తర్వాతే కిందికి దిగాలి. కారు దించడం కాస్త ఇబ్బందే, కానీ మామూలు వాన నీళ్లు గేటు దగ్గరే ఆగిపోతాయి. కరెంటు మీటర్లు, ప్యానెల్ బోర్డు సెల్లార్‌లో అసలు పెట్టనివ్వను.

అపోహ: "నల్లమట్టి గట్టిది సార్, నిలువుగా కోసినా నిలబడుతుంది. పక్కింటికి ఏం కాదు."

వాస్తవం: ఎండిన నల్లరేగడి కోసిన రోజు గోడలా నిలబడే మాట నిజమే. అది అప్పటికున్న బిగువు. వాన తడి తగిలితే ఆ బిగువు పోతుంది, పెళ్లలు పెళ్లలుగా విరిగి పడుతుంది. లోతైన గుంతలో ఊతం లేకుండా కూలీలను దించడం ప్రాణాలతో చెలగాటం. మన ఊళ్లో ఇంకో చిక్కు ఉంది. చాలాచోట్ల పైన బంకమట్టి, దాని కింద నీళ్లు పట్టిన ఇసుక. పొక్లెయిన్ ఆ ఇసుకను తాకాక అసలు కష్టం మొదలవుతుంది.

పన్నెండేళ్ల కిందటి మాట. పటమటలో ఒక ఇంటి సెల్లార్. కాంట్రాక్టరు గుంతలోకే నేరుగా రెండు మోటార్లు దించి రాత్రింబవళ్లు తోడిస్తున్నారు. నేను వారానికోసారి వెళ్లేవాణ్ణి. ఒకరోజు పక్కింటి పెద్దావిడ గేటు దగ్గర ఆపి, "బాబూ, మా వంటింటి తలుపు నిన్నటి నుంచి పడట్లేదు, ఒక్కసారి వచ్చి చూడు నాయనా" అన్నారు. తలుపు పైమూల ద్వారబంధానికి రాసుకుంటోంది. ఆ మూల నుంచి గోడ మీదికి ఏటవాలుగా, గోరు దూరేంత పగులు. వెనక్కి వచ్చి మోటారు నీళ్లు ఒక తెల్ల బకెట్లో పట్టి నీడన పెట్టాను. టీ తాగి వచ్చేసరికి నీళ్లు తేరుకున్నాయి. అడుగున వేలి మందాన సన్నటి ఇసుక. అది ఆవిడ వంటింటి కింద నుంచి మా గుంతలోకి జారిన ఇసుక.

అప్పటికప్పుడు మోటార్లు ఆపించి, గుంతలోకి నీళ్లు చేరనిచ్చాం. హద్దు వెంట ఇసుక బస్తాలు పేర్చాం. తర్వాత గుంతకు బయట, జల్లెడ పైపు చుట్టూ సన్న కంకర నింపిన బోర్లు వేసి, తేట నీళ్లు మాత్రమే వచ్చేలా తోడి పని ముగించాం. ఆవిడ గోడ బాగుచేయించిన ఖర్చు ఓనరు, కాంట్రాక్టరు భరించారు. వారానికోసారి వెళ్లడం నా తప్పు. ఆ పని తర్వాత, నీళ్లు తోడే రోజుల్లో సైటుకు రోజూ వెళ్తున్నాను. బకెట్ పరీక్ష వాచ్‌మన్‌కు కూడా నేర్పిస్తున్నాను.

పక్కవాళ్ల నేలకు మన నేల ఇచ్చే ఆసరా చట్టం గుర్తించిన హక్కు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఏడో సెక్షన్‌లోని ఉదాహరణల్లో అది స్పష్టంగా ఉంది. కాబట్టి తవ్వకానికి ముందే చుట్టుపక్కల ఇళ్లకు మీ ఇంజనీరును వెంటబెట్టుకుని వెళ్లండి. ఉన్న పగుళ్లన్నీ ఫొటో తీయండి, ఒక్కో పగులు చివర పెన్సిల్ గీత గీసి తేదీ వేయండి. రేపు మాట వచ్చినప్పుడు పాతదేదో కొత్తదేదో ఇద్దరికీ తెలుస్తుంది.

అపోహ: "లండన్‌లో ఇంటి కింద మూడంతస్తులు తవ్వుతున్నారట, మనకేంటి?"

వాస్తవం: కొడుకో కూతురో అక్కడ ఉన్న ఓనర్లు ఈ మాట ఎక్కువగా అంటారు. లండన్‌లో చాలాచోట్ల కింద ఉన్నది గట్టి బంకమట్టి, నీళ్లు అంత తేలిగ్గా ఊరవు. మన ఇసుకతో దానికి పోలిక లేదు. పైగా అక్కడ 1996 నాటి పార్టీ వాల్ (ఉమ్మడి గోడ) చట్టం ప్రకారం పక్కవాళ్లకు ముందే నోటీసు ఇవ్వాలి. ఖరీదైన ఇళ్లున్న కెన్సింగ్టన్, చెల్సీ కౌన్సిల్ కూడా 2015 నుంచి సాధారణంగా ఒక్క అంతస్తుకు మించి కిందికి వెళ్లనివ్వడం లేదు.

అపోహ: "కింద కాంక్రీటు పడిపోయిందిగా, ఇక మోటార్లు ఆపేద్దాం. డీజిల్ దండగ."

వాస్తవం: ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన పొదుపు. ఖాళీ ఫైబర్ ట్యాంకు వానాకాలంలో గుంతలోంచి తేలి రావడం చూసే ఉంటారు. పైన ఇల్లు లేని సెల్లార్ కూడా అంతే. లెక్క చూడండి. 10 మీటర్లు, 20 మీటర్ల సెల్లార్ అంటే 200 చదరపు మీటర్లు, సుమారు 240 గజాలు. ర్యాఫ్ట్ (సెల్లార్ కింద మొత్తం పరిచే కాంక్రీటు పలక) అడుగు నుంచి నీటిమట్టం 2 మీటర్లు పైన ఉంటే, చదరపు మీటరుకు 2 టన్నుల చొప్పున 400 టన్నుల బలం కింద నుంచి పైకి తోస్తుంది. 40 సెంటీమీటర్ల ర్యాఫ్ట్ బరువు దాదాపు 200 టన్నులు. 25 సెంటీమీటర్ల మందం, 3 మీటర్ల ఎత్తు గోడలు చుట్టూ వేస్తే ఇంకో 110. అయినా 90 టన్నులు తక్కువే. తేలకుండా ఉండాలంటే పైకి తోసే బలానికి కనీసం 1.2 రెట్లు బరువు ఉండేలా చూస్తాం, అంటే 480 టన్నులు. సెల్లార్ పైస్లాబు, ఆ పైన ఇంకో స్లాబు పడితే తప్ప ఆ బరువు రాదు. అప్పటిదాకా మోటారు తిరగాల్సిందే, కరెంటు పోతే జనరేటర్ సిద్ధంగా ఉండాల్సిందే. మోటార్లు ఎప్పుడు ఆపాలో డ్రాయింగు మీదే రాయించుకోండి. నోటి మాటగా వదిలేయకండి.

అపోహ: "మంచి కంపెనీ వాటర్‌ప్రూఫ్ లిక్విడ్ కలిపితే చాలు, చెమ్మ రాదు."

వాస్తవం: నేను చూసిన చెమ్మల్లో ఎక్కువ భాగం కాంక్రీటు మధ్యలోంచి రాలేదు. నేలా గోడా కలిసే అతుకు దగ్గర, సెంట్రింగ్ కడ్డీలు దూర్చిన రంధ్రాల దగ్గర, వైబ్రేటర్ సరిగా పెట్టక కంకర తేలిన చోట వచ్చింది. అతుకులో పీవీసీ వాటర్‌స్టాపర్ పట్టీ ఉండాలి, అది మేకులతో చిల్లులు పడకుండా నిలబడాలి. వాటర్‌ప్రూఫ్ పొరను గోడకు బయటివైపు, మట్టి నింపకముందే వేయాలి. లోపల పెయింటు వేస్తే నీళ్ల ఒత్తిడి దాన్ని బుడగలా ఊదేస్తుంది. నేలలో తడి తగిలే కాంక్రీటులో పగులు 0.2 మిల్లీమీటర్లు దాటకూడదని కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. కడ్డీలు దగ్గరదగ్గరగా కట్టమని మేము పట్టుబట్టేది అందుకే.

అపోహ: "మొగల్రాజపురంలో అంతా రాయే, పునాదికి బెంగ లేదు."

వాస్తవం: కొండవాలు మీద సైటులో సగం రాయి, సగం పోసిన మట్టి ఉంటుంది. రాతి మీది స్తంభం కదలదు, మట్టి మీదిది దిగుతుంది, మధ్యలో దూలం పగులుతుంది. రాతి చీలికల్లోంచి వాన నీళ్లు సెల్లార్ గోడ వెనక్కి చేరతాయి, వాటికి దారి ఇవ్వాలి. 2024 ఆగస్టు 31న సున్నపుబట్టీల సెంటర్ దగ్గర కొండచరియలు పడి ప్రాణాలు పోయాయి. కొండ పాదాన్ని కోసే ముందు పైన వాలును కూడా చూడాలి, అది మన హద్దులో లేకపోయినా.

అపోహ: "పార్కింగ్ అని ప్లాన్ పెట్టి, తర్వాత గదులు కట్టుకుందాం."

వాస్తవం: వద్దు. సెల్లార్‌కు అనుమతి ప్రధానంగా పార్కింగ్ కోసం ఇస్తారు. పడకగదికి కావాల్సిన గాలి, బయటికి రెండో దారి అందులో ఉండవు. వెలుతురున్న గది కావాలంటే దానికి తగ్గట్టు మొదటి నుంచే డిజైన్ చేయించి, అనుమతి అడగండి. నేల మట్టం కాస్త పెంచి గదిని సగం కిందికి, సగం పైకి ఉంచితే కిటికీలు వస్తాయి, తవ్వకమూ తగ్గుతుంది.

అపోహ: "ముందు ఎలివేషన్ ఖాయం చేద్దాం, మట్టి పరీక్ష తర్వాత."

వాస్తవం: బొమ్మలో పడమటి వైపు రెండంతస్తుల అద్దం అందంగా ఉంటుంది, రోహిణి కార్తెలో ఆ హాల్లో కూర్చోలేరు. పెద్ద హాలు కోసం స్తంభాలు తీసేస్తే మిగిలినవాటి మీద బరువు పెరుగుతుంది, కింద ఉన్నది బంకమట్టి అయితే పునాది తీరే మారిపోతుంది. అందుకే మట్టి రిపోర్టు వచ్చేదాకా ఆర్కిటెక్టును పెన్సిల్ గీతల దగ్గరే ఆగమంటాను.

అపోహ: "ముహూర్తం శ్రావణంలో కుదిరింది, అప్పుడే తవ్వేద్దాం."

వాస్తవం: శంకుస్థాపన శ్రావణంలోనే చేసుకోండి. ఈశాన్యంలో చిన్న గుంత సరిపోతుంది. ఆ నాలుగైదు నెలల్లో నీటిమట్టం కొలతలు, మట్టి రిపోర్టు, పక్కిళ్ల ఫొటోలు, డ్రాయింగులు పూర్తవుతాయి. పొక్లెయిన్‌ను సంక్రాంతి దాటాక పిలిస్తే, తొలకరి చినుకుల నాటికి సెల్లార్ పైస్లాబు, దాని మీది స్లాబు రెండూ పడిపోతాయి.