సిమెంటు పూత లేని గోడలు: పిల్లలకు ఉత్తరం

హనుమకొండ

అక్షయకు, నిఖిల్‌కు తాతయ్య దీవెనలు.

చిన్నాన్న పంపిన లండన్ ఫొటోలు చూసి "ఈ బిల్డింగ్‌కు ఇంకా ప్లాస్టరింగ్ కూడా కాలేదేంటి తాతయ్యా, డబ్బులు అయిపోయాయా?" అని అడిగారు కదా. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదు, అందుకే రాస్తున్నాను. దాని పేరు బార్బికన్. అక్కడి ఇళ్ల పని 1976 నాటికే అయిపోయింది. నాటకాలు, కచేరీలు జరిగే ఆర్ట్స్ సెంటర్‌ను 1982 మార్చిలో ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. అంటే మీ నాన్న పుట్టకముందే పూర్తయిన బిల్డింగ్ అది. గోడలను అలా వదిలేయాలని కావాలనే నిర్ణయించుకున్నారు.

అంతకుముందు ఆ చోటంతా వట్టి శిథిలాలు. 1940 డిసెంబర్ 29 రాత్రి జర్మన్ విమానాలు కురిపించిన బాంబులకు ఆ పేటంతా తగలబడిపోయింది. 1951లో లెక్క తీస్తే ఆ క్రిపుల్‌గేట్ వార్డులో కాపురం ఉంటున్నది 48 మందే! చుట్టుపక్కల ఆఫీసులకు పొద్దున వేలమంది వస్తారు, సాయంత్రం రైలెక్కి వెళ్లిపోతారు. మన వరంగల్ చౌరస్తాలో షాపుల షట్టర్లు దించినా పైఅంతస్తుల్లో లైట్లు వెలుగుతుంటాయి, ఎవరో ఒకరు బాల్కనీలో నిలబడి ఉంటారు. అక్కడ అదీ లేదు. ఆ స్థలంలో కూడా ఆఫీసులే కట్టి ఉంటే బోలెడు అద్దెలు వచ్చేవి. అయినా నగరపాలకులు ఇళ్లు కట్టాలనే తీర్మానించారు. ఆ బిల్డింగ్ గురించి నాకు అన్నిటికంటే నచ్చేది ఈ తీర్మానమే.

పీటర్ చాంబర్లిన్, జెఫ్రీ పావెల్, క్రిస్టోఫ్ బాన్ అనే ముగ్గురు ఆర్కిటెక్టులు దీన్ని గీశారు. దాదాపు 40 ఎకరాల్లో రెండు వేలకు పైగా ఫ్లాట్లు, వాటి మధ్య మూడు పెద్ద టవర్లు. ఆడపిల్లల స్కూలు, సంగీత కళాశాల, లైబ్రరీ, సినిమా హాలు, చెరువు అన్నీ అందులోనే. పాత సెయింట్ గైల్స్ చర్చిని, రోమన్ల కాలం నాటి కోటగోడ ముక్కలను కదపకుండా మధ్యలోనే ఉంచేశారు. మనుషులు పైన వేసిన దారుల మీద నడుస్తారు, బండ్లు కింద పోతాయి.

ఇప్పుడు గోడ సంగతి. జీవితమంతా స్లాబులు పోయించినవాడిని కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. మన దగ్గర సెంట్రింగ్, అంటే కాంక్రీటు పోయడానికి కట్టే అచ్చు పలకలు, విప్పాక గుల్ల పడ్డ చోట సిమెంటు పూస్తాం. దాని మీద ప్లాస్టరింగ్, లప్పం, రంగు. లోపల కంకర సరిగా కలిసిందా, కాంక్రీటును కుదిపి గాలి పోగొట్టే వైబ్రేటర్ సరిగా పెట్టారా అన్నది ఇక ఎవరికీ తెలియదు. పైపూత ఉండదని ముందే అనుకున్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ప్రతి తప్పూ బయటికి కనిపిస్తుంది. బార్బికన్‌లో పోసిన కాంక్రీటును కనీసం 21 రోజులు గట్టిపడనిచ్చి, ఆ తర్వాత పనివాళ్లు చేతిలో పట్టుకునే సుత్తులతో గోడలను చెక్కారు. పైనున్న సిమెంటు పొర రాలిపోయి లోపలి గ్రానైట్ కంకర బయటపడాలి. లోతు ఎక్కువైతే కంకర ఊడొస్తుంది, తక్కువైతే మచ్చలు మచ్చలుగా ఉండిపోతుంది. అలా ఒకటీ రెండూ కాదు, 42 అంతస్తుల టవర్లు! చిన్నాన్న దగ్గరికి వెళ్లినప్పుడు ఆ గోడ మీద చేయి వేసి చూశాను, గరుకుగా గీరుకుంటుంది. ఎండ పక్కనుంచి పడితే ఒక్కో రాయికీ చిన్న నీడ. మన వేయి స్తంభాల గుడిని 1163లో కట్టినప్పుడు శిల్పులు రాయిని అద్దంలా నునుపు చేశారు, వీళ్లు గరుకు చేశారు. రెండింటిలోనూ సుత్తి పట్టిన చేతుల కష్టమే ఉంది.

నాటకాల హాలు కూడా భలేగా కట్టారు. స్టేజీ మీది తెరలను, సెట్టింగులను పైకి లాగి దాచడానికి స్టేజీ నెత్తిన ఎత్తైన ఖాళీ గది కావాలి. బయటినుంచి చూస్తే అది పెద్ద కాంక్రీటు డబ్బా. దాని చుట్టూ అద్దాల గది కట్టి మొక్కలు పెంచారు. ఇప్పుడు అదొక తోట. కింద నడిచే మెట్రో రైలు చప్పుడు కచేరీలకు అడ్డం రాకూడదని పట్టాలనే మళ్లీ వేసి, రబ్బరు మీద కూర్చోబెట్టారు.

తప్పులు లేవని నేననను. దారులు ఎంత గందరగోళమంటే, జనం తప్పిపోకుండా నేల మీద పసుపు గీత గీయాల్సి వచ్చింది. మొదట అద్దెకిచ్చిన ఫ్లాట్లు తర్వాత చాలావరకు అమ్ముడుపోయాయి, ఇప్పుడు మామూలు జీతగాడు అక్కడ కొనలేడు. ఇది నాకు బాధగానే ఉంది. 2003లో జరిగిన ఒక పోల్‌లో లండన్‌వాళ్లు దీన్నే అందవికారమైన బిల్డింగ్ అన్నారు. కానీ అంతకు రెండేళ్ల ముందే, 2001లో, ప్రభుత్వం దీన్ని కాపాడాల్సిన కట్టడాల జాబితాలో చేర్చింది. నేను ప్రభుత్వం పక్షమే.

ఈ రకం కట్టడాలను బ్రూటలిజం అంటారు. వీటికి దారి చూపినవాటిలో ఫ్రాన్స్‌లోని మార్సేలో 1952లో పూర్తయిన పెద్ద బిల్డింగ్ ఒకటి. ఇళ్ల మధ్యలోనే షాపులు, పైకప్పు మీద చిన్నపిల్లల బడి. దాన్ని గీసిన లె కార్బూజియే మన చండీగఢ్‌కూ ప్లాన్ ఇచ్చాడు. మన ఎండలకు వట్టి కాంక్రీటు పనికొస్తుందా అని నిఖిల్ అడుగుతాడని నాకు తెలుసు. వేడెక్కుతుంది నాన్నా, అందుకే చండీగఢ్ సెక్రటేరియట్ కిటికీల ముందు నీడ కోసం లోతైన కాంక్రీటు పలకలు కట్టారు. సెలవుల్లో అక్కడికి తీసుకెళ్లమని మీ నాన్నను అడగండి. వెళితే గోడలను దగ్గరినుంచి చూసి, సెంట్రింగ్ గుర్తులు ఎక్కడెక్కడ కనిపించాయో నాకు రాయండి.

మీ తాతయ్య