కన్నానికి 14 ఏళ్లు, ఓటు కొంటే ఏడాది: 1920లో పడిన ముడి

ఓటర్లకు డబ్బు పంచుతూ దొరికినవాళ్లు తెల్లారేసరికి ఊళ్లో ఎలా తిరుగుతున్నారు? ఎన్నికలు వచ్చినప్పుడల్లా లేచే ఈ ప్రశ్న మళ్లీ లేచింది. పోలీసుల మెతకతనమని కొందరు, పైనుంచి ఫోన్లని కొందరు అంటున్నారు. అవీ ఉండొచ్చు. కానీ ఎస్సై చేతులు ముందుగా కట్టేసింది చట్టమే.

రాత్రిపూట దొంగతనం కోసం ఇంటికి కన్నం వేస్తే భారతీయ న్యాయ సంహిత 331వ సెక్షన్ కింద 14 ఏళ్ల దాకా జైలు. వారెంటు అక్కర్లేకుండా అరెస్టు చేయొచ్చు. ఓటుకు లంచం ఇస్తే 173వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. బెయిల్ నిందితుడి హక్కు. ఇది నాన్ కాగ్నిజబుల్ నేరం కాబట్టి మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తే మొదలుపెట్టకూడదు. విందు, మందు రూపంలో లంచం ఇస్తే జైలు ఊసే లేదు, జరిమానాతో సరి.

బ్రిటిష్ అధికారి మెకాలే రాసిన ముసాయిదా, దాని నుంచి 1860లో వచ్చిన భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) పుట్టుక చాలామందికి తెలిసిన కథే. అందులో ఒక్క విషయం ఇక్కడ అవసరం. ఇల్లంటే ఆ చట్టానికి ఎంత పట్టింపో చూడండి. రాత్రి అంటే సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అని చెప్పింది. కన్నం వేయడం కిందికి వచ్చే పద్ధతులను ఆరింటిని పేరుపేరునా రాసింది. గోడకు రంధ్రం చేసి అందులోంచి చేయి పెడితే చాలు, మనిషి లోపలికి అడుగు పెట్టకపోయినా నేరమేనని ఉదాహరణతో సహా వివరించింది. ఎన్నికల లంచం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. చట్టసభలకు ఎన్నికలే లేవు మరి.

అసలు మలుపు 1920. పాలనలో భారతీయులకు కొంత వాటా ఇచ్చిన మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల కింద ఆ ఏడాది చివర్లో శాసనమండళ్లకు ఎన్నికలు జరగాల్సి ఉండగా, 39వ చట్టంతో శిక్షాస్మృతిలో 9-ఎ అధ్యాయాన్ని చేర్చారు. లంచం, అనుచిత ఒత్తిడి, దొంగ ఓటు అన్నీ అందులోకే వచ్చాయి. లంచానికి ఏడాది శిక్ష అన్న లెక్క ఇంగ్లండ్‌లోని 1883 చట్టంలో అప్పటికే ఉన్నది. అయితే అక్కడ ఆ చట్టానికి వేరే కోరలుండేవి. లంచం ఇచ్చినట్టు తేలిన అభ్యర్థి ఆ నియోజకవర్గం నుంచి మళ్లీ ఎప్పటికీ ఎన్నికయ్యే వీలుండేది కాదు.

ఇక్కడ మరో అడ్డు కూడా పెట్టారు. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 196వ సెక్షన్‌లో ఈ కొత్త అధ్యాయాన్నీ చేర్చారు. అంటే ప్రభుత్వం అనుమతిస్తే తప్ప కోర్టు కేసు చేపట్టదు. దొంగ ఓటుకు మాత్రం ఈ అనుమతి అక్కర్లేదన్నారు. నా దృష్టిలో మొత్తం కథకు కీలకం ఈ మినహాయింపే. దొంగ ఓటు వేయడానికి బూత్‌కు వచ్చేది ఎవరో పంపిన చిన్న మనిషి. డబ్బు పెట్టి పంపించేది అభ్యర్థి. ఆస్తిని బట్టి ఓటు హక్కు ఇచ్చిన ఆ రోజుల్లో అభ్యర్థులంటే జమీందార్లు, పేరున్న వకీళ్లు. వాళ్లను కోర్టుకు ఈడ్చే ముందు సర్కారు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలనుకుంది.

ఆ రోజుల్లోనే కన్నం దొంగతనాలను ఎలా చూశారో దీని పక్కనే పెట్టి చదవాలి. 1911 నాటి నేరస్త తెగల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. ఎరుకల వంటి కులాలవారిని పుట్టుకతోనే అనుమానితులుగా రిజిస్టర్లలోకి ఎక్కించారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించుకున్నారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలాంటివారిని నిఘాలో ఉంచడానికి పుట్టిన సెటిల్‌మెంటే. దాన్ని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపింది. రిజిస్టరుకెక్కిన మనిషికి జాబితాలోని నేరాల్లో రెండోసారి శిక్ష పడితే, ప్రత్యేక కారణాలు లేకపోతే, కనీసం ఏడేళ్లు. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసేదాకా ఆ కుటుంబాలకు విముక్తి లేదు. ఇంటి గోడ విషయంలో అంత కఠినంగా ఉన్న సర్కారు, ఓటు విషయంలో తన సంతకం ఉంటేనే కేసు అంది.

1973లో వచ్చిన కొత్త ప్రొసీజర్ కోడ్‌లో ఆ సంతకం నిబంధన పోయింది. నాన్ కాగ్నిజబుల్ ముద్ర మిగిలిపోయింది. ఆ కోడ్ పట్టికలోనూ దొంగ ఓటు కాగ్నిజబులే, లంచం కాదు.

ఈ చట్టాన్ని మార్చకూడదనేవారి వాదన ఒకటుంది. లంచం తీసుకున్న ఓటరు కూడా ఈ చట్టం కింద దోషే కాబట్టి, పోలీసులకు అధికారమిస్తే పేదల మీద, ప్రతిపక్షాల మీద పడతారంటారు. శిక్ష చిన్నదైనా ఎన్నికల్లో పోటీకి ఆరేళ్ల అనర్హత ఉంది కదా అంటారు. పేదల గురించిన భయం నిజమే. దానికి విరుగుడు ఇచ్చేవాడినీ తీసుకునేవాడినీ చట్టంలో వేరు చేయడమే. అనర్హత మాటకొస్తే, దోషిగా తేలితేనే అది. 2021 జులైలో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఓటర్లకు డబ్బు పంచిన కేసులో తెలంగాణకు చెందిన ఒక ఎంపీకి 6 నెలల శిక్ష వేసి, అప్పీలు కోసం బెయిలిచ్చినప్పుడు, పదవిలో ఉన్న ఎంపీకి ఇలా శిక్ష పడటం ఇదే మొదటిసారని పత్రికలు రాశాయి. చట్టం వచ్చి అప్పటికి నూరేళ్లు దాటింది.

డబ్బు కారణంగా 2017లో చెన్నై ఆర్కే నగర్ ఉప ఎన్నిక, 2019లో వేలూరు లోక్‌సభ ఎన్నిక రద్దయ్యాయి. 2024లో మొదటి విడత పోలింగ్‌కు ముందే దేశంలో పట్టుబడిన నగదు, మద్యం, మత్తుమందులు, విలువైన లోహాలు, కానుకల విలువ 4,650 కోట్ల రూపాయలు దాటింది. ఎన్నికల లంచాన్ని కాగ్నిజబుల్ చేయాలని ఎన్నికల సంఘం 2016 సంస్కరణల ప్రతిపాదనల్లోనే అడిగింది.

2023లో శిక్షాస్మృతిని భారతీయ న్యాయ సంహితగా తిరగరాసినప్పుడు ఈ అధ్యాయాన్నీ ముట్టుకున్నారు. అభ్యర్థి అనుమతి లేకుండా అతని ప్రచారానికి ఖర్చు పెట్టినవారికి వేసే జరిమానా 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. లంచం దగ్గర ఏడాది అలాగే ఉంది. నాన్ కాగ్నిజబుల్ అన్న మాటా అలాగే ఉంది.