జ్వరం తగ్గితే గండం గడిచినట్టేనా?

జలుబు, ఫ్లూ, తట్టు, ఆటలమ్మ లాంటి మామూలు వైరస్ జబ్బులు మెదడునో నరాలనో దెబ్బతీయడం అరుదే. న్యూరాలజిస్టుగా నేను చూసేది ఆ అరుదైనవాళ్లనే కాబట్టి, నా మాటల్లో కాస్త ఎక్కువ భయం ధ్వనిస్తే మన్నించాలి.

అపోహ: జ్వరం తగ్గితే ఇక భయం లేదు.

వాస్తవం: గులియన్ బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బు సాధారణంగా జ్వరమో జలుబో వచ్చిన ఒకటి నుంచి మూడు వారాలకు మొదలవుతుంది. వైరస్‌పై పోరాడాల్సిన రోగనిరోధక శక్తి గురి తప్పి నరాల మీద పడుతుంది. ముందు పాదాల్లో తిమ్మిర్లు, తర్వాత మెట్లెక్కలేకపోవడం, ఆపైన చేతులు. జ్వరం తాలూకు నీరసమే అని సరిపెట్టుకుంటే ఊపిరి కండరాల దాకా రావచ్చు. ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను ఎక్కించడం) గానీ ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవభాగాన్ని తీసి మార్చడం) గానీ ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. స్టెరాయిడ్లు మాత్రం ఇందులో పనిచేయవు.

అపోహ: వైరస్ వల్ల మెదడువాపు వస్తే మందే లేదు.

వాస్తవం: చాలా వైరస్‌ల విషయంలో ఇది నిజమే. హెర్పిస్ సింప్లెక్స్‌కు మాత్రం ఎసైక్లోవిర్ ఉంది. పెదవి మీద పొక్కులు తెచ్చే వైరసే ఇది. మెదడుకు చేరితే ఎక్కువగా టెంపోరల్ భాగాన్ని, అంటే జ్ఞాపకం, మాట, భావోద్వేగాలతో ముడిపడిన కణతల వైపు భాగాన్ని పట్టుకుంటుంది. అందుకే జ్వరంతోపాటు పొంతనలేని మాటలు, మతిమరుపు, ఎన్నడూ లేని ప్రవర్తన. ఇంట్లోవాళ్లు మానసిక సమస్య అనుకుంటారు, ఒక్కోసారి డాక్టర్లు కూడా. చికిత్స అందకపోతే సుమారు 70 శాతం మంది చనిపోతారు. అనుమానం రాగానే మందు రక్తనాళంలోకి ఎక్కించడం మొదలుపెట్టాలి. వెన్నునీటి పరీక్ష రిపోర్టు కోసం ఆగకూడదు, తొలి రోజుల్లో ఆ నీటిలో వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష నెగెటివ్ కూడా రావచ్చు.

అపోహ: తట్టు ఒకసారి వచ్చిపోవడమే మంచిది.

వాస్తవం: తట్టు వచ్చిన వెయ్యి మందిలో సుమారు ఒకరికి మెదడువాపు వస్తుంది. అంతకంటే నన్ను కలవరపెట్టేది ఎస్ఎస్‌పీఈ, అంటే తట్టు వైరస్ మెదడులో ఉండిపోయి ఏళ్ల తర్వాత తెచ్చే మెదడు జబ్బు. తట్టు తగ్గిన 7 నుంచి 10 ఏళ్లకు, అందరూ మరిచిపోయాక, పిల్లాడు చదువులో వెనకబడతాడు, ఒళ్లు ఉన్నట్టుండి కుదుపులకు లోనవుతుంది. నయం చేసే మందు లేదు. రెండేళ్లలోపే తట్టు సోకినవారికి ముప్పు ఎక్కువ. అడ్డుకోగలిగేది టీకా ఒక్కటే.

అపోహ: జ్వరంలో ఫిట్స్ వస్తే మూర్ఛరోగం పట్టినట్టే.

వాస్తవం: 6 నెలల నుంచి 5 ఏళ్ల వయసులో వందకు 2 నుంచి 5 మంది పిల్లలకు ఇలా వస్తుంది. ఎక్కువమందికి మూర్ఛరోగం రాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. 5 నిమిషాలు దాటినా, ఆగాక తెలివిలోకి రాకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అపోహ: పిల్లల జ్వరానికి ఏ మాత్రైనా ఒకటే.

వాస్తవం: ఫ్లూ, ఆటలమ్మ ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రేయ్ సిండ్రోమ్ రావచ్చు.